ఎడ్జ్ గేట్‌వే ఏది కొనాలి? ప్లాంట్ ఇంజనీర్ల కోసం పోలిక, ఎంపిక సలహా

ఫ్యాక్టరీకి డ్యాష్‌బోర్డ్ కావాలని మేనేజ్‌మెంట్ అడగ్గానే ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీర్ టేబుల్ మీదకు ఎడ్జ్ గేట్‌వేల కొటేషన్లు, అంటే యంత్రాల దగ్గరే ఉండి వాటి డేటాను చదివి క్లౌడ్‌కు పంపే పెట్టెల కొటేషన్లు, వచ్చి పడతాయి. ఒక వెండర్ అరచేతిలో పట్టే చిన్న పెట్టె చాలంటాడు. ఇంకొకరు ఫ్యాన్‌లెస్ ఇండస్ట్రియల్ పీసీ లేకుండా పని జరగదంటారు. మూడో ఆయన మీ పీఎల్‌సీయే (యంత్రాన్ని నడిపే కంట్రోలర్) నేరుగా క్లౌడ్‌కు పంపగలదు, గేట్‌వే దండగ అంటాడు. అందరూ ‘ఎడ్జ్’ అనే మాటే వాడతారు, ధరలకు మాత్రం ఒకదానితో ఒకటికి పొంతన ఉండదు. ఎవరి మాట ఎప్పుడు నిజమో తేల్చుకోవడానికి ఈ వ్యాసం.

పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ వైపు కనిపించే మధ్యస్థాయి బల్క్ డ్రగ్ యూనిట్‌ను ఉదాహరణగా పెట్టుకుందాం. యుటిలిటీ బ్లాక్‌లో 20 ఎనర్జీ మీటర్లు, రెండు చిల్లర్లు, బాయిలర్, కంప్రెసర్లు, కొన్ని వీఎఫ్‌డీలు (మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్‌లు). ప్రొడక్షన్‌లో మూడు నాలుగు సీమెన్స్ ఎస్7-1200 పీఎల్‌సీలు, ఈథర్‌నెట్ పోర్ట్ లేని పాత ఎస్7-300 ఒకటి. అన్నీ కలిపితే సుమారు 500 ట్యాగులు, అంటే చదవాల్సిన విలువలు. ఇలాంటి యూనిట్‌కు చాలా సందర్భాల్లో రెండు లాన్ పోర్టులు, మీటర్లను కలిపే రెండు ఆర్‌ఎస్-485 సీరియల్ పోర్టులు ఉన్న మధ్యరకం లినక్స్ గేట్‌వే సరిపోతుందని నా అభిప్రాయం. అయితే ఆ నిర్ణయానికి రావాల్సింది ప్రాసెసర్, ర్యామ్ చూసి కాదు. నెట్ పోయిన రెండు రోజులూ డేటా ఎక్కడ ఉంటుంది, ఇంటిగ్రేటర్ వెళ్లిపోయాక ఆ పెట్టెను ఎవరు చూసుకుంటారు అనే రెండు ప్రశ్నలకు జవాబు చూసి.

గేట్‌వే చేయాల్సిన పనులు నాలుగు. యంత్రాల నుంచి డేటా చదవడం, అందులో పనికొచ్చేది ఏరడం, నెట్ లేనప్పుడు దాచి ఉంచడం, నెట్ రాగానే పంపడం. రియాక్టర్ టెంపరేచర్‌ను నిలబెట్టే పీఐడీ కంట్రోల్ లూప్, ప్రమాదం రాకుండా యంత్రాన్ని ఆపే ఇంటర్‌లాక్‌లు, ట్రిప్‌లు పీఎల్‌సీలోనే ఉండాలి. గేట్‌వే కాలి బూడిదైనా బ్యాచ్ ఆగకూడదు. కంట్రోల్ కూడా ఎడ్జ్‌లోకి తెద్దామని ఎవరైనా ప్రతిపాదిస్తే, ఎంత అందమైన ప్రెజెంటేషన్ చూపించినా ఒప్పుకోకండి.

కొటేషన్ తెరవకముందు రెండు లెక్కలు

మొదటిది ఆర్‌ఎస్-485 లెక్క. ‘ప్రతి సెకనుకూ డేటా వస్తుంది’ అని బ్రోషర్లలో రాస్తారు. నిజంగా వస్తుందో లేదో కాగితం మీదే తేల్చవచ్చు. మీటర్లు ఎక్కువగా మోడ్‌బస్ ఆర్‌టీయూ అనే ప్రోటోకాల్‌లో మాట్లాడతాయి, చాలాచోట్ల వేగాన్ని 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) దగ్గరే వదిలేసి ఉంటాయి. ఒక మీటర్ నుంచి 50 రిజిస్టర్లు (రీడింగులు దాచే 2 బైట్ల గళ్లు) చదవాలంటే అడిగే ప్రశ్న 8 బైట్లు, వచ్చే జవాబు 105 బైట్లు. బైట్‌కు 10 బిట్ల చొప్పున మొత్తం 1130 బిట్లు. అంటే వైరు మీదే సుమారు 118 మిల్లీసెకన్లు పోతాయి. మీటర్ ఆలోచించుకునే సమయం, ఫ్రేముల మధ్య విరామం కలిపితే 160 దగ్గర అనుకోండి. 20 మీటర్లు ఒకే లైను మీద ఉంటే ఒక రౌండ్ పూర్తవడానికి 3 సెకన్లు దాటుతుంది. ఎంత ఖరీదైన గేట్‌వే పెట్టినా ఈ లెక్క మారదు, ఎందుకంటే ఆలస్యం వైరులో ఉంది.

ఇది అన్నీ బాగున్నప్పటి మాట. ఒక మీటర్ చచ్చిపోయిందనుకోండి. టైమ్‌అవుట్ ఒక సెకను, మూడుసార్లు ప్రయత్నించమని సెట్ చేసి ఉంటే ఆ ఒక్క మీటర్ కోసమే 3 సెకన్లు వృథా. రౌండ్ 6 సెకన్లకు చేరుతుంది. రెండు మీటర్లు పోతే 9. డ్యాష్‌బోర్డ్ నెమ్మదించింది, గేట్‌వే మార్చాలి అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటి వెనుక ఉన్నది ఇదే. అందుకే నేను ప్రాసెసర్ కంటే ముందు పోర్టులు లెక్కపెడతాను. మీటర్లను పది పది చొప్పున రెండు పోర్టుల మీదకు విడగొడితే సమయం సగమవుతుంది. జవాబివ్వని మీటర్‌ను కాసేపు పక్కనబెట్టి మిగతావి చదివే సౌకర్యం సాఫ్ట్‌వేర్‌లో ఉందా అని కూడా అడగండి. పోర్టులు ఐసొలేటెడ్‌వి, అంటే మిగతా సర్క్యూట్ నుంచి విద్యుత్‌పరంగా వేరుచేసినవి, కావాలి. వీఎఫ్‌డీల పక్కన నడిచే కేబుల్ మీద ఐసొలేషన్ లేని పోర్ట్ ఎక్కువ కాలం బతకదు. కేబుల్‌ను మీటర్ నుంచి మీటర్‌కు వరుసగా లాగాలి, కొమ్మలు వేయకూడదు. రెండు చివర్లలో 120 ఓమ్ రెసిస్టర్ ఉండాలి. పాత వైరింగ్‌లో ఇవి సరిచేయకుండా కొత్త గేట్‌వే కొంటే డబ్బు దండగ.

రెండోది డేటా పరిమాణం లెక్క. 500 ట్యాగులను సెకనుకోసారి చదివితే రోజుకు 4 కోట్ల 32 లక్షల విలువలు. ఒక్కో విలువను పేరు, టైమ్‌స్టాంప్‌తో జేసన్ అనే టెక్స్ట్ రూపంలో రాస్తే 100 బైట్లు అవుతుందనుకుందాం. రోజుకు 4.3 జీబీ. నెలకు 130 జీబీ దగ్గర. 4జీ సిమ్ మీద ఇది కుదిరే పని కాదు, క్లౌడ్ బిల్లు కూడా తడిసి మోపెడవుతుంది. అదే చిల్డ్ వాటర్ టెంపరేచర్, ఎనర్జీ రీడింగ్ లాంటి నిదానంగా కదిలే వాటిని 15 సెకన్లకోసారి పంపితే రోజుకు 288 ఎంబీకి దిగుతుంది. విలువ మారినప్పుడే పంపడం, గుంపుగా కట్టి కుదించి పంపడం కూడా చేస్తే ఇంకా చాలా తగ్గుతుంది. ఎడ్జ్ అనే మాటకు అసలు విలువ ఇక్కడ ఉంది. ఏ ట్యాగ్ ఎంత వేగంగా కావాలో మీ ప్రొడక్షన్, మెయింటెనెన్స్ వాళ్లతో కూర్చుని ముందే ఒక షీట్ తయారు చేయండి. ఆ షీట్ లేకుండా అడిగిన కొటేషన్‌కు అర్థం లేదు.

చిన్న పెట్టె ఎప్పుడు చాలు

మోక్సా ఎమ్‌గేట్ శ్రేణి లాంటి ప్రోటోకాల్ కన్వర్టర్లు, ఆర్‌ఎస్-485 పోర్ట్‌తో వచ్చే టెల్టోనికా టీఆర్‌బీ 145 లాంటి 4జీ గేట్‌వేలు ఈ కోవలోకి వస్తాయి. ఒకవైపు మోడ్‌బస్ చదివి రెండోవైపు ఇంకో ప్రోటోకాల్‌లోకి మార్చడమో, క్లౌడ్‌కు పంపడమో వీటి పని. వెబ్ పేజీ తెరిచి రిజిస్టర్ నంబర్లు నింపితే చాలు, ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌తో మనకు పెద్దగా పని ఉండదు కాబట్టి ఏళ్ల తరబడి కదలకుండా నడుస్తాయి. దూరంగా ఉన్న బోర్‌వెల్ పంపు, వాటర్ ట్యాంక్, డీజీ సెట్, ఒక్క మీటరింగ్ ప్యానెల్ లాంటి చోట్ల వీటికి మించింది లేదు.

వీటి పరిమితి మూడు చోట్ల తెలుస్తుంది. మీ ఎస్7-1200, మిత్సుబిషి పీఎల్‌సీలను వాటి సొంత ప్రోటోకాల్‌లో చదవాలంటే మోడల్‌ను బట్టి కుదరవచ్చు, కుదరకపోవచ్చు. మూడు మీటర్ల కిలోవాట్ అవర్లు కూడి, ఉత్పత్తితో భాగించి, ఒక్కో యూనిట్ ఉత్పత్తికి ఎంత కరెంట్ ఖర్చయిందో అక్కడికక్కడే తేల్చమంటే చాలావాటికి చేతకాదు. నెట్ పోయినప్పుడు దాచుకునే చోటు కూడా తక్కువ. కొన్ని మోడళ్లలో బఫర్ ర్యామ్‌లోనే ఉంటుంది, నెట్‌తో పాటు కరెంట్ కూడా పోతే డేటా పోయినట్టే. డేటాషీట్‌లో బఫర్ ఎక్కడ ఉంటుందో, ఎన్ని రికార్డులో స్పష్టంగా లేకపోతే వెండర్‌ను రాతపూర్వకంగా అడగండి.

లినక్స్ గేట్‌వే: ఎక్కువమందికి సరైన చోటు

సీమెన్స్ ఐఓటీ2050, కున్‌బస్ కంపెనీ రెవల్యూషన్ పై, మోక్సా యూసీ శ్రేణి, అడ్వాంటెక్ ఈసీయూ శ్రేణి ఇందులోకి వస్తాయి. చాలావాటిలో ఏఆర్‌ఎం ప్రాసెసర్, 1 నుంచి 4 జీబీ ర్యామ్, ప్యానెల్‌లోని డిన్ రైలు మీద కూర్చునే పెట్టె, 24 వోల్టుల డీసీ సప్లై. లోపల లినక్స్ ఉంటుంది కాబట్టి బొమ్మలు కలిపి డేటా ఫ్లోలు అల్లే నోడ్-రెడ్, సందేశాలు చేరవేసే మస్కిటో బ్రోకర్, చిన్న డేటాబేస్ లాంటివి మీరే వేసుకోవచ్చు. మీటర్లను మోడ్‌బస్‌లో, పీఎల్‌సీలను ఓపీసీ యూఏ అనే ప్రామాణిక ప్రోటోకాల్‌లోనో సీమెన్స్ సొంత ప్రోటోకాల్‌లోనో చదివి, లెక్కలు కట్టి, డిస్క్‌లో దాచి, ఎమ్‌క్యూటీటీలో పైకి పంపే పని మొత్తం ఒక్క పెట్టెలో అయిపోతుంది.

ఎమ్‌క్యూటీటీ అనే ఈ మెసేజ్ ప్రోటోకాల్ గురించి ఒక మాట. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దీన్ని రూపొందించింది ఎడారుల్లో సాగే చమురు పైపులైన్లను శాటిలైట్ లింకుల మీద గమనించడానికి. ఖరీదైన, తెగిపోతూ ఉండే లింక్ కోసమే పుట్టింది కాబట్టి ఇండస్ట్రియల్ ఏరియాల్లోని 4జీకి అచ్చంగా సరిపోతుంది. సందేశం చేరుతుందన్న హామీ స్థాయిని చెప్పే క్యూఓఎస్‌ను 1గా పెట్టండి. సందేశం కనీసం ఒకసారి చేరుతుంది, అప్పుడప్పుడు రెండుసార్లు కూడా రావచ్చు, కాబట్టి సర్వర్ వైపు డూప్లికేట్లు తీసేసే ఏర్పాటు ఉండాలి. ఇది మరిచిపోతే ఎనర్జీ రిపోర్టులో యూనిట్లు ఎక్కువ కనిపించి ఎలక్ట్రికల్ వాళ్లకూ అకౌంట్స్ వాళ్లకూ అనవసరమైన టెన్షన్.

ఎస్7-1200 విషయంలో ముందే తెలుసుకోవాల్సింది ఉంది. పాత పద్ధతిలో చదవాలంటే సీపీయూ సెట్టింగ్స్‌లో పుట్/గెట్ అనుమతి ఇవ్వాలి, చదివే డేటా బ్లాక్‌కు ఆప్టిమైజ్డ్ యాక్సెస్ తీసేయాలి. అంటే పీఎల్‌సీ ప్రోగ్రామ్ తెరిచి మళ్లీ డౌన్‌లోడ్ చేయాలి. యంత్రం తయారుచేసిన కంపెనీ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే అక్కడే ఆగిపోతారు. పైగా పుట్/గెట్ తెరిస్తే నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా చదవడమే కాదు, రాయగలరు కూడా. ఫర్మ్‌వేర్ 4.4 నుంచి ఎస్7-1200లో ఓపీసీ యూఏ సర్వర్ వచ్చింది, లైసెన్స్ కొనాలి. కొత్త సీపీయూ అయితే ఆ దారే మంచిది. పాత ఎంపీఐ సీరియల్ పోర్ట్ మాత్రమే ఉన్న ఎస్7-300కు విడిగా ఈథర్‌నెట్ అడాప్టర్ కావాలి. కొటేషన్‌లో ఆ అడాప్టర్ ఉందో లేదో చూడండి, తరచూ ఉండదు.

ఈ రకం లోపం కూడా చెప్పాలి. లినక్స్ ఇచ్చే స్వేచ్ఛే బాధ్యత కూడా. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎవరు వేస్తారు? నోడ్-రెడ్‌లో ఇంటిగ్రేటర్ కుర్రాడు అల్లిన ఫ్లోలు అతను ఉద్యోగం మారాక ఎవరికి అర్థమవుతాయి? మీ టీమ్‌లో ఒక్కరైనా లినక్స్ మీద చేయి తిరిగినవారు లేకపోతే, ఖాళీ లినక్స్ పెట్టె కొనకుండా మెనూలతో కాన్ఫిగర్ చేసుకునే సాఫ్ట్‌వేర్ ముందే వేసి వచ్చే మోడల్ తీసుకోండి. కొంచెం ఎక్కువ ఖర్చయినా రాత్రి షిఫ్ట్‌లో ఉన్నవారు దాన్ని అర్థం చేసుకోగలుగుతారు.

ఇండస్ట్రియల్ పీసీ నిజంగా ఎప్పుడు కావాలి

రెండు సందర్భాల్లో ఇంత శక్తి ఉన్న పెట్టె తప్పదు. ఒకటి వైబ్రేషన్. పెద్ద కంప్రెసర్ బేరింగ్ పరిస్థితి తెలియాలంటే సెకనుకు 25,600 శాంపిళ్లు, మూడు దిశల్లో తీయడం సాధారణం. శాంపిల్‌కు 2 బైట్లు వేసుకున్నా ఒక్క సెన్సర్ నుంచే సెకనుకు 153 కేబీ, రోజుకు 13 జీబీ దాటుతుంది. దాన్ని క్లౌడ్‌కు పంపే ఆలోచన చేయనక్కర్లేదు. అక్కడే ఎఫ్‌ఎఫ్‌టీ (కంపనాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క) చేసి, వచ్చిన నాలుగైదు అంకెలు మాత్రమే పైకి పంపాలి. ఇలాంటి సెన్సర్లు పది పన్నెండు ఉంటే చిన్న ఏఆర్‌ఎం పెట్టె మీద భారం ఎక్కువవుతుంది. రెండోది కెమెరా. 5 మెగాపిక్సెల్ బ్లాక్ అండ్ వైట్ కెమెరా సెకనుకు 30 ఫ్రేములు తీస్తే సెకనుకు 150 ఎంబీ. బ్లిస్టర్ ప్యాకింగ్‌లో టాబ్లెట్ లేని గడిని పట్టుకోవడం లాంటి పనికి ఇండస్ట్రియల్ పీసీయో, ఎన్‌వీడియా జెట్సన్ ఆధారంగా చేసిన పెట్టెయో తప్పదు.

మూడో సందర్భం కూడా ఒకటుంది గానీ అది పెద్ద కంపెనీలది. పది ప్లాంట్లలో వందల గేట్‌వేలు ఉండి, అన్నిటికీ హెడ్ ఆఫీస్ నుంచే ఒకేసారి యాప్‌లు పంపాలంటే సీమెన్స్ ఇండస్ట్రియల్ ఎడ్జ్ లాంటి కంటైనర్ల ఆధారిత వ్యవస్థ ఉపయోగపడుతుంది. ఒక్క ప్లాంట్‌కు ఆ లైసెన్సుల ఖర్చు భారమే.

విండోస్ ఉన్న ఇండస్ట్రియల్ పీసీ ఇస్తామంటే ఎడిషన్ పేరు రాయించుకోండి. మామూలు విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 ఎడిషన్‌కు మాత్రం 2032 జనవరి వరకు ఉంది. పేరులో ఆ చిన్న తేడా మీకు ఏళ్ల తరబడి తలనొప్పి తప్పిస్తుంది.

పీఎల్‌సీతోనే పని కానిచ్చేయడం

కొత్త యంత్రం కొంటున్నప్పుడు ఇది మంచి ఆలోచనే. వాగో పీఎఫ్‌సీ200, ఫీనిక్స్ కాంటాక్ట్ పీఎల్‌సీనెక్స్ట్ లాంటివి లినక్స్ మీదే నడుస్తాయి, కంట్రోల్‌తో పాటు ఎమ్‌క్యూటీటీ కూడా పంపగలవు. ఎస్7-1200కు కూడా సీమెన్స్ ఎమ్‌క్యూటీటీ లైబ్రరీ ఇస్తోంది. కానీ ఇప్పటికే నడుస్తున్న ప్లాంట్‌లో దీన్ని నేను సిఫార్సు చేయను. పీఎల్‌సీ ప్రోగ్రామ్ మార్చాలి. నెట్ పోయినప్పుడు దాచే పని మీరే రాసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, రియాక్టర్‌ను నడిపే పీఎల్‌సీకి బయటి నెట్‌వర్క్‌తో సంబంధం పెడుతున్నారు. గేట్‌వే మధ్యలో ఉంటే దెబ్బ గేట్‌వే వరకే తగులుతుంది.

ఇక రాస్ప్‌బెర్రీ పై. ఐడియా పనిచేస్తుందో లేదో చూపించడానికి, ట్రైనింగ్‌కు దీన్ని మించినది లేదు. ప్యానెల్‌లో శాశ్వతంగా పెట్టడానికి మాత్రం వద్దు. 5 వోల్టుల సప్లై, కరెంట్ పోయినప్పుడల్లా పాడయ్యే అవకాశం ఉన్న ఎస్‌డీ కార్డ్ అందరికీ తెలిసిన సమస్యలే. తక్కువమంది గమనించేది గడియారం. పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంట్ పోయి వచ్చినప్పుడు నెట్ కూడా లేకపోతే అది చివరిసారి గుర్తుంచుకున్న టైమ్ నుంచే మొదలుపెడుతుంది. మూడు గంటల తర్వాత లేచినా మూడు గంటలు గడిచిన సంగతి దానికి తెలియదు. ఆ తర్వాత దాచిన డేటా మొత్తానికి తప్పు టైమ్ పడుతుంది. అదే రాస్ప్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్‌ను ఇండస్ట్రియల్ పెట్టెలో, బోర్డు మీదే ఉండే ఈఎంఎంసీ మెమరీతో, గడియారంతో ఇచ్చేవే రెవల్యూషన్ పై లాంటివి. ఆ అదనపు ధర పేరుకు ఇచ్చేది కాదు.

ఎండ, కరెంట్, సిమ్

యూరప్‌లో తయారైన డేటాషీట్ చదివేటప్పుడు మన మే నెలను గుర్తుపెట్టుకోవాలి. రామగుండంలో బయటే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. వీఎఫ్‌డీలున్న ప్యానెల్ లోపల ఇంకో పది పదిహేను డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. ఐఓటీ2050 రేటింగ్ 0 నుంచి 50 డిగ్రీలు. ఏసీ ఉన్న ఎంసీసీ (మోటార్ కంట్రోల్ సెంటర్) రూమ్‌లో అది హాయిగా ఉంటుంది, షెడ్డు గోడకు బిగించిన ప్యానెల్‌లో ఉండలేదు. అలాంటి చోట 70 డిగ్రీల వరకు రేటింగ్ ఉన్నదే కొనండి. విశాఖ, అచ్యుతాపురం వైపు ఉప్పుగాలి, ఫార్మా యూనిట్లలో యాసిడ్ ఆవిర్లు ఉంటాయి కాబట్టి బోర్డు మీద కన్ఫార్మల్ కోటింగ్ (రక్షణ పూత) ఉందా అని అడగాలి. నిప్పు ప్రమాదం ఉంటుంది కాబట్టి సాల్వెంట్ వాడే బ్లాక్‌లోకి మామూలు గేట్‌వేను తీసుకెళ్లకండి. దాన్ని సేఫ్ ఏరియాలో పెట్టి కేబుల్ లాగండి. ఆర్‌ఎస్-485 ఉన్నదే 1200 మీటర్ల దాకా లాగడానికి.

4జీ మోడళ్లలో బ్యాండ్లు చూడాలి. జియో 3, 5, 40 బ్యాండ్ల మీద నడుస్తుంది. యూరప్ కోసం చేసిన వేరియంట్లలో కొన్నిటికి 5, 40 ఉండవు. సిమ్ వేస్తే సిగ్నల్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు, కారణం ఎవరికీ అంతుపట్టదు. వైర్‌లెస్ పరికరాలకు టెలికాం శాఖ ఇచ్చే డబ్ల్యూపీసీ ఈటీఏ అనుమతి ఉన్న మోడలేనా అన్నది కూడా కాగితం మీద చూపించమనండి. ఫోన్ సిమ్ వేసి నడపకుండా యంత్రాల కోసం ఇచ్చే 13 అంకెల ఎంటూఎం సిమ్, కుదిరితే ప్రైవేట్ ఏపీఎన్ (మీకు మాత్రమే ఉండే నెట్‌వర్క్ దారి) తీసుకోండి. యాంటెన్నా ఇనుప ప్యానెల్ బయట ఉండాలి.

సెక్యూరిటీకి విడిగా చోటు ఇవ్వాలి

మోడ్‌బస్ 1979లో పుట్టింది. అందులో పాస్‌వర్డ్ అనే ఆలోచనే లేదు. నెట్‌వర్క్‌లోకి వచ్చినవాడు ఏ రిజిస్టర్‌లోనైనా రాయగలడు. గేట్‌వే పెట్టడమంటే అలాంటి నెట్‌వర్క్‌కు, ఇంటర్నెట్‌కు మధ్య తలుపు పెట్టడమే. 2021 మేలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది ఆఫీసు కంప్యూటర్ల మీద. అయినా ముందుజాగ్రత్తగా పైప్‌లైన్ మొత్తాన్నీ ఆపాల్సి వచ్చింది. దాడి చేసినవాళ్లు లోపలికి వచ్చింది ఎవరూ వాడని పాత వీపీఎన్ ఖాతా ద్వారా, దానికి రెండో అంచె ధ్రువీకరణ కూడా లేదు. మన ప్లాంట్లలో ఇంటిగ్రేటర్ల కోసం తెరిచి, మూయడం మరిచిపోయిన రిమోట్ యాక్సెస్‌లు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్క చూడండి.

గేట్‌వే ఎంపికలో దీని అర్థం ఏమిటంటే, రెండు లాన్ పోర్టులు తప్పనిసరి. ఒకటి ప్లాంట్ వైపు, ఒకటి బయటి వైపు, ఒకవైపు ట్రాఫిక్ నేరుగా రెండోవైపు వెళ్లకుండా మధ్యలో ఐపీ ఫార్వర్డింగ్ ఆపేసి ఉండాలి. కొన్ని చవక మోడళ్లలో రెండు పోర్టులు కనిపిస్తాయి గానీ లోపల అవి ఒకే స్విచ్. అది పనికిరాదు. కనెక్షన్ ఎప్పుడూ లోపలి నుంచి బయటికే వెళ్లాలి, టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్‌తో, 8883 పోర్ట్ మీద. పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి బయటి నుంచి లోపలికి రావడానికి వీలు కల్పించే వెండర్‌ను అక్కడే ఆపండి. మోడ్‌బస్‌లో రాసే ఫంక్షన్ కోడ్‌లు 5, 6, 15, 16 లాంటివాటిని గేట్‌వేలోనే నిరోధించగలగాలి. డ్యాష్‌బోర్డ్‌కు రాయాల్సిన అవసరమే లేదు. పారిశ్రామిక సైబర్ భద్రతకు చెందిన ఐఈసీ 62443 ప్రమాణంలోని జోన్లు (నెట్‌వర్క్ విభాగాలు), కాండ్యూట్ల (వాటి మధ్య దారుల) పద్ధతి చదివితే ఈ ఏర్పాటు ఎందుకో ఇంకా బాగా అర్థమవుతుంది.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు కంపెనీలకూ వర్తిస్తాయి. సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, గడియారాలు ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలవాలి. గేట్‌వే తన లాగ్‌లను బయటి సర్వర్‌కు పంపగలదా, టైమ్ సరిచూసుకునే ఎన్‌టీపీ ఉందా అన్నవి అందుకే అడగాలి.

ఫార్మా వాళ్లకు ఒక హెచ్చరిక

బ్యాచ్ రికార్డులోకి వెళ్లే డేటా గేట్‌వే గుండా వస్తే, అమెరికాకు ఎగుమతి చేసే యూనిట్లలో ఎలక్ట్రానిక్ రికార్డులపై అమెరికా ఎఫ్‌డీఏ నిబంధన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 కిందకు వస్తుంది. వ్యాలిడేషన్, ఆడిట్ ట్రయల్, చేంజ్ కంట్రోల్ అన్నీ మొదలవుతాయి. దానంతట అదే అప్‌డేట్ అయ్యే సాఫ్ట్‌వేర్ అక్కడ పనికిరాదు. అందుకే మొదటి గేట్‌వేను యుటిలిటీలతో, కరెంట్, స్టీమ్, చిల్లర్లతో మొదలుపెట్టమంటాను. లాభం త్వరగా కనిపిస్తుంది, క్వాలిటీ వాళ్ల అనుమతుల కోసం నెలలు ఆగక్కర్లేదు. కాలుష్య నియంత్రణ మండలికి ఆన్‌లైన్‌లో డేటా పంపే ఓసీఈఎంఎస్ లాగర్‌ను మాత్రం ఈ గేట్‌వేలో కలపకండి. ఇక్కడ మనం విలువలు ఏరి, తగ్గించి పంపుతాం. అక్కడ ఎనలైజర్ చెప్పింది చెప్పినట్టు వెళ్లాలి.

క్లౌడ్ విషయంలో ఒక్క కంపెనీకి కట్టుబడిపోయే గేట్‌వే తీసుకోవద్దు. గూగుల్ తన ఐఓటీ కోర్ సేవను 2023 ఆగస్టు 16న మూసేసింది. అంతపెద్ద సంస్థ సేవే ఆగిపోయినప్పుడు, వెండర్ సొంత పోర్టల్‌కు మాత్రమే డేటా పంపే పెట్టె గురించి చెప్పేదేముంది. మామూలు ఎమ్‌క్యూటీటీలో మనం చెప్పిన సర్వర్‌కు పంపగలగాలి. ట్యాగుల సంఖ్యను బట్టి ఏటేటా పెరిగే సబ్‌స్క్రిప్షన్ ఉంటే ఐదేళ్ల మొత్తం వేసి చూడండి. హార్డ్‌వేర్ ధరలో మిగిలిందంతా అక్కడ పోవచ్చు.

ఉదాహరణగా తీసుకున్న యూనిట్‌కు నా ఎంపిక ఇలా ఉంటుంది. ఎంసీసీ రూమ్‌లో ఒక లినక్స్ గేట్‌వే, కనీసం 16 జీబీ ఈఎంఎంసీతో, మీటర్లు రెండు ఆర్‌ఎస్-485 లైన్ల మీద, పీఎల్‌సీలు ప్లాంట్ వైపు లాన్ పోర్ట్ మీద. 15 సెకన్ల లెక్కన రెండు రోజుల బఫర్‌కు 600 ఎంబీ కూడా అవ్వదు, సెకను లెక్కన అయితే 8 జీబీ దాటి డిస్క్ ఇరుకైపోతుంది. దూరంగా ఉన్న పంప్‌హౌస్‌కు చిన్న 4జీ పెట్టె. వైబ్రేషన్ కావాలంటే రెండో ఏడాది చూసుకోవచ్చు, అప్పటికి ఏ యంత్రానికి అవసరమో డేటాయే చెబుతుంది. గేట్‌వే ఒక్కటి కాకుండా రెండు కొనండి, రెండోది స్టోర్స్‌లో స్పేర్‌గా.

పర్చేజ్ ఆర్డర్‌లో చివరి 20 శాతం చెల్లింపును మూడు పరీక్షలకు ముడిపెట్టండి. బయటి నెట్ కేబుల్ 48 గంటలు తీసేసి, మధ్యలో రెండుసార్లు కరెంట్ కూడా ఆపి, తిరిగి పెట్టాక ఒక్క విలువ కూడా పోకుండా సరైన టైమ్‌తో వచ్చిందా చూడాలి. ఒక మీటర్‌ను పీకేసినప్పుడు మిగతా 19 ఎంత వేగంగా వస్తున్నాయో కొలవాలి. మూడోది, నడుస్తున్న గేట్‌వేను తీసి పక్కన పెట్టి, ఇంటిగ్రేటర్ చేయి పెట్టకుండా మీ టెక్నీషియన్ స్పేర్ పెట్టెలో బ్యాకప్ ఎక్కించి, మీ దగ్గరున్న పాస్‌వర్డ్‌లతో గంటలోపు డ్యాష్‌బోర్డ్‌ను తిరిగి నడిపించాలి.